విప్పని వంతెన

మార్చి 3, సోమవారం

కల్నల్ గారు పొద్దున్నే పిలిచి టీ ఇప్పించారు. ఆయన టీ ఇప్పించారంటే ఏదో మూడిందని నేను నడిపే వంతెన కంపెనీలో జవాన్లందరికీ తెలుసు.

వచ్చే ఆదివారం మిత్రదేశం సైన్యం వస్తోంది. రెండు సైన్యాలూ కలిసి విన్యాసాలు చేయాలి. వాళ్ళు మిషను వంతెన తెస్తున్నారు. ట్యాంకు లాంటి బండి మీద మడతపెట్టిన వంతెన ఉంటుందట, ముగ్గురు లోపల కూర్చుని మీట నొక్కితే నది మీద అదే పరుచుకుంటుందట. మేం తొంభై మందిమి ఇనుప ప్యానెళ్ళు భుజాన మోసి, వాటి కన్నాల్లో లావుపాటి ఇనుప పిన్నులు సమ్మెటతో దిగ్గొట్టి, పూటంతా చేసే పని వాళ్ళు టీ చల్లారేలోపు చేస్తారు. పైగా మా వంతెన మామూలుగా వేస్తే మోసేది నలభై టన్నులు. వాళ్ళ ట్యాంకు ఒక్కటే డెబ్బై.

"అన్నీ బాగా జరిగితే అలాంటివి మూడు మనకీ ఇస్తారమ్మా," అన్నారు కల్నల్ గారు. "ఇస్తే మరి మీ వంతెన కంపెనీ..." అని ఆపేసి బిస్కెట్ల పళ్ళెం నా వైపు జరిపారు.

తీసేస్తారు. ఆ మాట ఆయన నోట రాలేదు, అంతే.

నాకేం పట్టింపు లేదు. పాతది పోతుంది, కొత్తది వస్తుంది. ఇంటికొచ్చి ఇదే మాట అంటే, "పట్టింపు లేకపోతే గిన్నెలెందుకు అలా విసురుతున్నావ్?" అన్నారు మా ఆయన. పళ్ళ డాక్టరు. రోజంతా ఊళ్ళో వాళ్ళ నోళ్ళు తెరిపిస్తారు, ఇంట్లో నా నోరు మాత్రం మూయించలేరు.

మార్చి 5, బుధవారం

రంగు పని మొదలుపెట్టించాను. ప్యానెళ్ళు, పిన్నులు, రోలర్లు, అన్నిటికీ. తుప్పు పట్టకుండా.

మార్చి 6, గురువారం

డిపో నుంచి నది దాకా వెళ్ళి దారి చూసొచ్చాను. కాలువ మీద పాత రాతి వంతెన దగ్గర ఒక బస్సు ఆగింది, జనం దిగి నడుస్తున్నారు. అక్కడేదో స్టాపు ఉన్నట్టుంది. మిగతా దారంతా శుభ్రంగా ఉంది. "దారి బాగుంది" అని రాసి సంతకం పెట్టి పంపేశాను.

మార్చి 7, శుక్రవారం

రంగు రెండో కోటింగు కూడా అయింది. తుప్పు కోసమే. సార్జెంటు స్టోరు తలుపు తీసి చూపించాడు. కంపెనీలో అందరికంటే పాతాయన, ఈ ప్యానెళ్ళు మోసీ మోసీ ఒక భుజం కిందకి దిగిపోయింది.

"ఈ ముస్తాబు చూస్తే మనదేనా అనిపిస్తోంది మేడమ్," అన్నాడు.

నిజంగానే నిగనిగలాడుతున్నాయి. బాగుంది.

మార్చి 9, ఆదివారం

వచ్చారు. దారి పొడవునా జనం నిలబడి చూశారు. నేనూ చూశాను, కాకపోతే చూడనట్టు చూశాను. వాళ్ళ వంట బండి మా స్టోరు కంటే పెద్దది. బట్టలుతకడానికి ఒక బండి, ఆరబెట్టడానికి ఇంకో బండి. మావాళ్ళు బనియన్లు ఆరేసుకునే తాడుని ఎవరో గబగబా విప్పేశారు. నేను చెప్పలేదు.

వాళ్ళ వంతెన దళానికి అధికారి ఒక మేజరు. తలుపు దగ్గర వంగి వస్తే తప్ప పట్టడు. గంట తిరక్కుండానే మావాళ్ళు ఆయనకి పొడుగాయన అని పేరు పెట్టేశారు. వచ్చీ రాగానే మావాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి ఒక్కొక్కరితో చెయ్యి కలిపాడు. మంచివాడు కాకపోయుంటే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

మధ్యాహ్నం మైదానంలో మిషను వంతెన తెరిచి చూపించాడు. ఉక్కు చెయ్యి లేచింది, చాచుకుంది, దిగింది. అయిపోయింది. సార్జెంటు నా చెవి దగ్గరికొచ్చి, "మేడమ్, మనవాళ్ళకి బూట్ల లేసులు కట్టుకోవడం కూడా అవ్వదు ఈలోపు," అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

అప్పటినుంచీ కడుపులో ఒకటే మంట. క్యాంటీన్ తిండి పడలేదేమో.

మార్చి 10, సోమవారం

వాళ్ళ రేడియో మా రేడియోతో మాట్లాడదు. వాళ్ళ రహస్య సంకేతాలు మాకివ్వకూడదని వాళ్ళ చట్టం. స్నేహం స్నేహమే, తాళంచెవి మాత్రం ఇవ్వరు. చివరికి వాళ్ళ ఆపరేటరునీ మా ఆపరేటరునీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాం. వాడు విని వీడికి చెబుతాడు, వీడు మాకు చెబుతాడు. సాయంత్రానికి ఇద్దరూ ఒకే ప్లేటులో తింటున్నారు.

పథకం ఖాయమైంది. బుధవారం నది మీద వాళ్ళు మిషను వంతెన వేస్తారు, ట్యాంకులు దాటతాయి. కాస్త దిగువన మేం మా వంతెన వేసుకోవచ్చు, జీపుల కోసం. పెద్దవాళ్ళు పని చేసుకుంటూ పిల్లల చేతికి బొమ్మ ఇచ్చి కూర్చోబెట్టినట్టుంది. అయినా నవ్వుతూనే తలూపాను.

మార్చి 12, బుధవారం

చేతులు వాచిపోయాయి. అయినా రాయాలి.

పొద్దున మా లారీలు ముందు, వాళ్ళ బళ్ళు వెనక. కాలువ మీద ఆ పాత రాతి వంతెనని మా లారీలు దాటేశాయి. కొంత దూరం వెళ్ళాక వెనక్కి చూస్తే ఒక్కరూ రావడం లేదు. వాళ్ళ వరస మొత్తం కాలువ అవతలే ఆగిపోయింది.

నడుచుకుంటూ వెనక్కి వెళ్ళాను. పొడుగాయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వంతెన అడుగున పగుళ్ళు తడిమి చూస్తున్నాడు. వాళ్ళ భాషలో మర్యాదలు ఎక్కువ, అవన్నీ రాసే ఓపిక నాకు లేదు. సారాంశం ఏమిటంటే, వంతెన మోసే ఆయన బండి అరవై టన్నులు, ఈ రాతి వంతెన ఇరవైకే మూలుగుతుంది. వంతెన వేసే బండికే ఇప్పుడొక వంతెన కావాలి.

అప్పుడు వెలిగింది నాకు. ఆ బస్సులో జనం దిగింది స్టాపని కాదు, నిండు బస్సుని ఈ వంతెన మొయ్యదని. నా కళ్ళ ముందే దిగారు. మా లారీ దాటుతుందా లేదా అన్నదే చూసుకున్నాను తప్ప వాళ్ళ బరువు నా బుర్రకి తట్టనే లేదు. అంత బరువున్న బండి మన దగ్గర ఎన్నడైనా ఉంటే కదా తట్టడానికి! "దారి బాగుంది" అని నేను రాసిన కాగితం పొడుగాయన జేబులోనే ఉంది. బయటికి తీయలేదు. తీసి మొహాన కొట్టుంటే నేనూ నాలుగు మాటలు అని గుండె బరువు దించుకునేదాన్ని.

చుట్టూ తిరిగొచ్చే దారి ఉంది కానీ కొండ మీదుగా రెండు రోజులు. నది దగ్గర రెండు దేశాల జనరళ్ళూ టెంట్లు వేసుకుని దుర్భిణీలు తుడుచుకుంటూ కూర్చున్నారు. కల్నల్ గారికి ఫోన్ చేశాను. "ఏం చేస్తావో చెయ్యమ్మా," అన్నారు.

సార్జెంటుని పిలిచాను. "లారీలు వెనక్కి తెప్పించి సామానంతా ఇక్కడే దించేయండి. పాతదాని పక్కనే మనది వేద్దాం. ప్యానెళ్ళ వరసలు రెట్టింపు, పైన ఇంకో అంతస్తు. అప్పుడు డెబ్బై టన్నులూ మోస్తుంది."

"అలా వేస్తే ఉన్నదంతా ఇక్కడే అయిపోద్ది మేడమ్. మరి నది మీద మనదో?"

"మనది లేదు. ఇక్కడ దాటకపోతే అక్కడ ఎవరిదీ లేదు."

మేం తొంభై మందిమి రోజంతా తవ్వాల్సిన గట్టుని వాళ్ళ బుల్డోజరు ఒక్క ఊపులో చదును చేసి పెట్టింది. ఈలోపు మావాళ్ళు మొదటి రెండు ప్యానెళ్ళు కన్నాలు కలిసేలా నిలబెట్టారు. సార్జెంటు పిన్ను పెట్టి సమ్మెట ఎత్తాడు. కొట్టాడు. దిగలేదు. మళ్ళీ కొట్టాడు. ఇంకో పిన్ను, ఇంకో కన్నం. దిగలేదు. ఆయన పిన్నుని వెలుతురుకెత్తి చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు, అదీ ఆయన మర్యాద.

"మేడమ్, రంగు," అన్నాడు మెల్లగా.

పిన్ను మీద రెండు కోటింగులు, కన్నంలో రెండు కోటింగులు. వెంట్రుకవాసి సందులో దిగాల్సిన పిన్ను ఇక ఎక్కడ దిగుతుంది? రంగు వేసేటప్పుడు కన్నాల్లో గుడ్డలు కుక్కాలి. ఏళ్ళ తరబడి రంగు మొహం చూడని కంపెనీ, ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఇంకా తుప్పు అని రాస్తే నా పెన్నే నన్ను చూసి నవ్వుతుంది. వాళ్ళ సామాను పక్కన మనది ముసలిదానిలా కనిపించకూడదని వేయించాను. సిగ్గేసింది. భూమి చీలితే బాగుణ్ణనిపించింది.

గీకడం మొదలుపెట్టాం. కత్తులు, చెంచాలు, డీజిల్‌లో ముంచిన గుడ్డలు, ఏది దొరికితే అది. పొడుగాయన కాసేపు చూసి వెళ్ళిపోయాడు. జనరళ్ళకి చెప్పడానికే వెళ్ళాడనుకున్నాను. తన మనుషులందరినీ వెంటేసుకుని తిరిగొచ్చాడు. పాపం, వాళ్ళకి బట్టలు ఆరబెట్టే బండి ఉంది కానీ ఆకురాయి ఒక్కటి లేదు. మా ఆకురాళ్ళు వాళ్ళకిచ్చాం, తీగ బ్రష్షు తగిలించిన వాళ్ళ కరెంటు డ్రిల్లు మేం తీసుకున్నాం. మావాడొకడు, వాళ్ళవాడొకడు, మధ్యలో ప్యానెలు. మాట తెలియకపోయినా సైగలతో ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు.

పొడుగాయన ముక్కుకి పచ్చ రంగు అంటింది. ఆయనకి తెలియదు, ఎవరూ చెప్పలేదు.

"రంగు మాత్రం చాలా నాణ్యమైనది," అన్నాడు నాతో, చెమట తుడుచుకుంటూ.

"రెండు కోటింగులు," అన్నాను.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. సార్జెంటు మా ఇద్దరికీ మతి పోయిందనుకుని ఉంటాడు.

పొద్దు వాలేటప్పటికి వంతెన అవతలి గట్టుకి అందింది. మా కంపెనీలో ఒక అలవాటుంది. మొదటి బండి దాటేటప్పుడు, వేసినవాళ్ళే దాని కింద నిలబడాలి. నేనూ సార్జెంటూ కాలువలోకి దిగాం. వెనక బుడుంగుమని శబ్దం. చూస్తే పొడుగాయన.

"మీరు పైన ఉండండి. ఇలా నిలబడటం మీ నిబంధనల్లో ఉండదు," అన్నాను.

"మా నిబంధనల్లో మీ వంతెన ఎక్కడమే లేదు," అన్నాడు.

అరవై టన్నులు మా నెత్తి మీదకి వచ్చాయి. చెక్కలు కిర్రుమన్నాయి, రంగు పెచ్చులు మా ముగ్గురి మీదా రాలాయి, ఒక్క పిన్ను కదల్లేదు. బండి దాటింది. గట్టు మీద రెండు దేశాల వాళ్ళూ కలిసి అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. ఇంత సంతోషం నాకు మా పాప పుట్టినప్పుడు, మళ్ళీ ఇప్పుడే.

మార్చి 14, శుక్రవారం

నిన్న నది మీద మిషను వంతెన బ్రహ్మాండంగా పనిచేసింది. ట్యాంకులు వరసగా దాటాయి. మేం గట్టున కూర్చుని వేరుశనగలు తింటూ చూశాం. కడుపులో మంట లేదు. వేరుశనగలు మంచివి అందుకు.

మార్చి 16, ఆదివారం

వెళ్ళిపోయారు. పొడుగాయన వెళ్ళేముందు మళ్ళీ అందరితో చెయ్యి కలిపాడు. "వచ్చే ఏడు కూడా ఇదే దారిలో వస్తాం. కాలువ మీద వంతెన ఉంచండి," అన్నాడు.

"మేం ఏ వంతెనా ఉంచం. వేస్తాం, విప్పుతాం, ఇంటికెళ్తాం. మా పనే అది," అన్నాను.

ఆయనకది అర్థం కాలేదు. వాళ్ళ దగ్గర ఇలాంటివి బోలెడుంటాయి, ఒకటి వదిలేసి వెళ్తే లెక్కలోకి రాదు. మా కంపెనీకి ఉన్నది అదొక్కటే.

మార్చి 18, మంగళవారం

కల్నల్ గారు మళ్ళీ టీ ఇప్పించారు.

మిషను వంతెనలు మూడూ ఖాయం. అయినా నిన్నటి సమావేశంలో పెద్దవాళ్ళు మా కంపెనీని మెచ్చుకున్నారట, ఉంచితే బాగుండునన్నారట. నా ప్రాణం లేచొచ్చింది. కానీ ఆయన బిస్కెట్ల పళ్ళెం జరిపారు.

"కాలువ మీద వేసింది విప్పుకొస్తే మీ కంపెనీ ఉంటుంది. అక్కడే ఉంచేస్తే మీకిక సామాను లేదు. కొత్తది కొనరు, ఇప్పుడెవరూ చెయ్యడం లేదట అలాంటివి. వంతెన లేని వంతెన కంపెనీ ఎందుకమ్మా? రోడ్ల శాఖవాళ్ళేమో ఉంచండి మహాప్రభో అని వెంటపడుతున్నారు. ఎటూ తేలక నీ అభిప్రాయం అడుగుతున్నారు. ఈ వారంలో పంపు."

మార్చి 19, బుధవారం

విప్పాలి. అది సైన్యం సామాను. రోడ్లు వేసుకోవడం రోడ్ల శాఖ పని. ఇంతకాలం వాళ్ళేం చేస్తున్నారు? రాసేశాను. రేపు పంపుతాను.

మార్చి 20, గురువారం

పంపలేదు. కవరు దొరకలేదు.

మార్చి 21, శుక్రవారం

పిన్నులు బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి కదా, అందుకని కాలువ దగ్గరికి వెళ్ళాను. పిన్నులు బానే ఉన్నాయి. వెంటనే వచ్చేయొచ్చు. రాలేదు.

బస్సు వచ్చింది. నిండుగా ఉంది. గట్టు దగ్గర నెమ్మదించగానే ఒక ముసలావిడ సంచి పట్టుకుని లేచింది. ఎన్నేళ్ళ అలవాటో పాపం.

"కూర్చో పెద్దమ్మా, ఇప్పుడు దిగక్కర్లేదు," అని కండక్టరు అరిచాడు.

"నిజంగానా? నిన్న కూడా ఇలాగే అన్నావు."

"నిన్నా నిజమే, ఇవాళా నిజమే. కూర్చో!"

ఆవిడ కూర్చోలేదు. వంతెన దాటేదాకా సీటు కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. దాటాక కండక్టరు ఏదో అన్నాడు, బస్సంతా నవ్వింది. తర్వాత కూరగాయల లారీ వచ్చింది. తర్వాత ఇటుకల లారీ. నేను అలా గట్టు మీద రాయిలా కూర్చుండిపోయాను.

ఇంటికి రాగానే, "ఏంటి, మొహం అలా ఉంది?" అన్నారు మా ఆయన.

"ఎలా ఉంది?"

"పన్ను పీకించుకోవాలా వద్దా అని గుమ్మం దగ్గర తచ్చాడేవాళ్ళలా ఉంది."

"మీకు ప్రపంచమంతా పళ్ళేనా?" అని కసిరాను. కానీ చెప్పాను. మొత్తం చెప్పాను. ఆయన సలహా ఇవ్వలేదు, పాలు వేడిచేసి ఇచ్చారు.

మార్చి 22, శనివారం

సార్జెంటుకి విషయం చెప్పాను. ఎక్కువ ఆలోచిస్తాడనుకున్నాను.

"విప్పమంటే విప్పుతాం మేడమ్. ఆర్డరు ఆర్డరే," అన్నాడు. స్టోరులోకి చూశాడు. ప్యానెళ్ళు లేక స్టోరు ఖాళీగా, పెద్దగా ఉంది. "కాకపోతే ఒక మాట. నేను చేరినప్పట్నుంచి ఎన్ని వంతెనలు వేశామో. పొద్దున వేశాం, సాయంత్రం విప్పాం. మా ఆవిడ అంటుంది, నువ్వు వంతెనలేస్తావంటావు, ఒక్కటి చూపించు అని. ఇన్నేళ్ళూ ఏం చూపించను? పోయిన ఆదివారం తీసుకెళ్ళి చూపించాను."

"ఏమంది?"

"ఏమంటాది మేడమ్! ఇటు చివర నుంచి అటు చివరకి నడిచింది. మళ్ళీ వచ్చింది." భుజం తడుముకుంటూ, "ఆ వంతెనని విప్పడానికి నాకు చేతులు రావు. కంపెనీ పోతే పోయింది, మనుషులం ఎక్కడో ఒకచోట ఉంటాం కదా," అన్నాడు.

 నేను స్టోరు తాళం వేసే పని పెట్టుకున్నాను. ఖాళీ స్టోరుకి తాళమెందుకని ఆయన అడగలేదు.

మార్చి 24, సోమవారం

పంపాను. "ఉంచండి" అని.

మార్చి 25, మంగళవారం

నాకు పట్టింపు లేదని మొదటి రోజు రాసుకున్నాను. ఉంది. ప్రాణమంత ఉంది. అయినా పంపాను. బాధగా ఉంటుందనుకున్నాను, ఆకలిగా ఉంది. రెండు పూటలా కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఆర్డరు వచ్చింది. ఈ నెలాఖరుతో కంపెనీ రద్దు. నన్ను మిషను వంతెనల దళానికి వేశారు, ముందు ఆర్నెల్లు పొడుగాయన దేశంలో శిక్షణ. కాలువ మీది వంతెనకి పిన్నులు చూస్తూ ఉండాలి కాబట్టి సార్జెంటునీ, ఇంకో నలుగురినీ దానికే ఉంచారు. మిగతావాళ్ళు తలో చోటికి.

చివరిసారి అందరం వరసలో నిలబడ్డాం. ఉపన్యాసం రాసుకెళ్ళాను కానీ జేబులోంచి తీయలేదు. "బాగా చేశారు, పదండి భోంచేద్దాం," అన్నాను. కొందరు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. భోజనాల దగ్గర మాత్రం ఒకటే గోల. రంగు కథని ఒక్కొక్కడు ఒక్కో రకంగా చెబుతున్నాడు. వాళ్ళు చెప్పేదాన్ని బట్టి ఇప్పటికి అయిదు కోటింగులు వేయించాను.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇవాళ పాపని, మా ఆయనని కారులో కాలువ దగ్గరికి తీసుకెళ్ళాను. దారంతా పాప, "వచ్చిందా? వచ్చిందా?" అని నా ప్రాణం తీసింది. వంతెన ఎక్కాం. చెక్కలు ధడధడమన్నాయి, దిగేశాం.

"అయిపోయిందా?" అంది పాప.

"అయిపోయింది."

"ఇంతేనా అమ్మా? చాలా చిన్నది!"

 మా ఆయన కారు వెనక్కి తిప్పారు. మళ్ళీ దాటాం. మళ్ళీ తిప్పారు. ఈసారి పాప కిటికీలోంచి తల బయటపెట్టి పిన్నులు చూసింది, అవి ఏం చేస్తాయని అడిగింది, చెప్పాను. "మళ్ళీ!" అంది. మళ్ళీ తిప్పారు. నాలుగోసారి వంతెన మధ్యలో ఆపించి దిగాను, పాపకి ప్యానెలు ముట్టుకుని చూపిద్దామని.

వెనక ఇటుకల లారీ ఒకటి వచ్చి ఆగింది. ఒకటే హారన్. డ్రైవరు తల బయటపెట్టి గొంతు చించుకున్నాడు.

"ఏంటమ్మా, అడ్డంగా బండి పెట్టి ఆటలు? ఈ వంతెనేమన్నా నీ సొంతమా?"

వెనక్కి తిరిగి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, కాలువ అవతలికి కూడా వినబడేలా అరిచాను.

"అవును, నాదే!"